గురువారం ఇచ్చిన రక్తం, ఆదివారం వచ్చే రిపోర్టు

గురువారం డ్యూటీ దిగి, అజీజియాలో ఏదో పాలీక్లినిక్‌లో రక్తం ఇచ్చారనుకోండి. రిపోర్టు ఎప్పుడని అడిగితే చాలాచోట్ల ఆదివారం రమ్మంటారు. సౌదీలో శుక్ర, శనివారాలు సెలవు.  మధ్యలో మూడు రాత్రులు మిగులుతాయి. పనిలో ఉన్నంతసేపు చేతులు ఆడుతుంటాయి, మనసు కూడా వాటి వెంటే పోతుంది. సెలవునాడు అలా కాదు. రూములో అందరూ పడుకున్నాక ఒక్కడే మేలుకుని, దుప్పటి కింద ఫోను పెట్టుకుని జబ్బు పేరు వెతుక్కునే మనిషి కోసం ఈ నాలుగు మాటలు.

అజీజియా ఒకటి కాదు. జెద్దాలో ఉంది, రియాద్‌లో ఉంది, మక్కాలో ఉంది. జెద్దా అజీజియాలో మన దేశపు కుటుంబాలు ఏళ్ల తరబడి కాపురముంటున్నాయి. మక్కా అజీజియాలో హజ్ రోజుల్లో మన హాజీలు బస చేస్తారు. పేట ఏదైనా, ఇక్కడి తెలుగువాడికి మెడికల్ రిపోర్టు ఒంటికి సంబంధించిన సంగతి ఒక్కటే కాదు. దాని వెనక ఊళ్లో తెచ్చిన అప్పుంటుంది, కఫీల్ అనే యజమాని ఉంటాడు, అకామా అనే నివాస అనుమతి ఉంటుంది. గల్ఫ్‌కు బయలుదేరే ముందు హైదరాబాద్‌లో చేయించుకునే మెడికల్‌ను మనవాళ్లు ఇప్పటికీ గామ్కా అనే అంటారు, ఇప్పుడు దాని పేరు వాఫిద్. అందులో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, మలేరియా, సిఫిలిస్ వంటివి చూస్తారు. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. సౌదీలో దిగాక అకామా కోసం మళ్లీ మెడికల్. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనబడినా అన్‌ఫిట్ అనొచ్చు. అందుకే ఇలాంటి మనిషితో ‘ఊరికే భయపడకు’ అనడం నాకు నచ్చదు. ఆ భయానికి కారణం ఉంది. ఉన్న కారణాన్ని ఒప్పుకున్నాకే దాన్ని తగ్గించే మాట చెవికెక్కుతుంది.

ఎదురుచూపు ఎందుకింత బాధపెడుతుంది? 2016లో యూనివర్సిటీ కాలేజీ లండన్ పరిశోధకులు 45 మందితో కంప్యూటర్ ఆట ఆడించారు. తెరమీద రాళ్లుంటాయి. ఏ రాయి కింద పాముందో చెప్పాలి. పాము ఉన్నప్పుడల్లా చేతికి చిన్న కరెంటు షాక్. షాక్ తప్పదని తెలిసినప్పటి కంటే, వస్తుందో రాదో సగానికి సగంగా ఉన్నప్పుడే వాళ్ల ఒత్తిడి ఎక్కువగా కనబడింది. మన మెదడు చెడ్డ కబురునైనా మోస్తుంది కానీ అటూ ఇటూ తేలని కబురును మోయలేదన్నమాట. హంటింగ్టన్ అనే వంశపారంపర్య జబ్బు పరీక్ష చేయించుకున్నవాళ్లను కెనడాలో ఏడాదిపాటు గమనించి, 1992లో ఆ వివరాలు ప్రచురించారు. జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని తెలిసినవాళ్లు కూడా, ఏ సంగతీ తేలకుండా మిగిలినవాళ్ల కంటే ఏడాది తర్వాత నిబ్బరంగా ఉన్నారు. మందు లేని జబ్బు విషయంలోనే ఇలా ఉంటే, మందులున్న జబ్బుల సంగతి వేరే చెప్పాలా?

తేలకపోవడమే బాధకు మూలమైతే, తెలిసే భాగమైనా తెలుసుకోవాలి. ఆ మూడు రాత్రులూ మీ నమూనా ఏమవుతోంది? రక్తంలో షుగర్, క్రియాటినిన్ వంటివి మిషన్‌లో గంటల్లో తేలిపోతాయి. హెపటైటిస్, హెచ్‌ఐవీ మొదటి పరీక్షలూ ఆలస్యమయ్యేవి కావు. కానీ పాజిటివ్ అనిపిస్తే మరోసారి, మరో పద్ధతిలో చూసిగాని చెప్పకూడదు. మూత్రంలో సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చర్‌కు రెండు రోజులు పడుతుంది. టీబీ క్రిమి బద్ధకంగా పెరుగుతుంది కాబట్టి దాని కల్చర్‌కు వారాలు కావాలి. బయాప్సీ ముక్కనైతే ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో బిగించి, మిల్లీమీటరులో రెండువందలో వంతు మందాన పొరలు కోసి, రంగు వేసి డాక్టరు మైక్రోస్కోపు కింద చూస్తారు. అవసరమైతే ఇంకో రకం రంగులు వేస్తారు. అందుకని ఇంకో నాలుగు రోజులు గడిచినంతమాత్రాన ‘ఏదో దాస్తున్నారు’ అనుకోనక్కర్లేదు. ఆలస్యంలో చాలాసార్లు ఉండేది జాగ్రత్తే.

కాబట్టి రక్తం ఇచ్చి బయటికొచ్చే ముందే కౌంటర్లో అడగండి: ఏ రోజు వస్తుంది, ఫోనుకు వస్తుందా చేతికిస్తారా, వచ్చాక ఏ డాక్టరుతో మాట్లాడాలి. అరబ్బీ రాకపోతే వచ్చిన స్నేహితుణ్ని వెంట తీసుకెళ్లండి. ఈ చిన్న పని మూడు రాత్రుల్లో సగం బరువు దించుతుంది.

ఇప్పుడు చాలా రిపోర్టులు డాక్టరు కంటే ముందు ఫోనులోకే వస్తున్నాయి. సౌదీ ఆరోగ్యశాఖ సెహతీ యాప్‌లో ఇలాగే కనబడతాయి. అందులో అంకె ఎర్రగా కనబడగానే గుండె జారుతుంది. ఆ ఎరుపుకు అర్థం ఏమిటో తెలిస్తే అంత జారదు. నార్మల్ హద్దులను సాధారణంగా ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది పడేలా గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని ఇరవైమందిలో ఒకరు ఆ గీతకు బయట ఉంటారు. ఒకే మనిషికి ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, కనీసం ఒక్కటైనా హద్దు దాటే అవకాశం నూటికి 64. పూర్తి ఆరోగ్యవంతుడికే ఈ లెక్క!

పాజిటివ్‌కూ ఇలాంటి లెక్కే ఉంది. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు, జబ్బు లేనివాళ్లలో నూటికి ఒకరిని పొరపాటున పట్టే పరీక్ష అనుకోండి. పదివేల మందికి చేస్తే నిజమైన రోగులు పదిమంది దొరుకుతారు, పొరపాటున దొరికేవాళ్లు వందమంది దాకా ఉంటారు. మొదటి పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి జబ్బు లేనట్టే. రెండో పరీక్ష ఉన్నది అందుకే. హెపటైటిస్ బి నిజంగానే ఉన్నా ఒంటరివాళ్లమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో 25.4 కోట్ల మంది దానితో బతుకుతున్నారు. చాలామందికి ఏ బాధా ఉండదు. కాలేయాన్ని మాత్రం అప్పుడప్పుడూ చూపించుకుంటూ ఉండాలి. ఉద్యోగానికి అడ్డం రావడం వేరు, ప్రాణానికి అడ్డం రావడం వేరు. రాత్రి రెండింటికి ఆ రెండూ ఒకటే అనిపిస్తాయి.

మరి ఆ రాత్రుల్ని గడపడమెలా? కాలిఫోర్నియాలో కేట్ స్వీనీ అనే మనస్తత్వ పరిశోధకురాలు, లా చదివి, లాయరు కావడానికి బార్ పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం చూసేవాళ్లను గమనించారు. దిగులు మొదట్లో ఎక్కువ, మధ్యలో సద్దుమణుగుతుంది, ఫలితం దగ్గరపడ్డాక మళ్లీ ఎగబాకుతుంది. చివరిరోజు గుండె దడ పెరిగితే అది చెడుశకునం కాదు, చాలామందికి అంతే. ఒళ్లు మరిచి చేసే పని ఉన్నవాళ్లు ఆ కాలాన్ని కాస్త తేలిగ్గా దాటారని కూడా ఆమె చూశారు. మనకైతే శుక్రవారం క్రికెట్, రూమంతటికీ బిర్యానీ వండటం, మిషన్ మీద బట్టలు కుట్టడం. టీవీ ముందు కూర్చోవడం ఆ లెక్కలోకి రాదు, దాని ముందు మనసు ఊరికే తిరుగుతుంది.

దిగులును పూర్తిగా ఆపమంటే ఆగదు. దానికో వేళ పెట్టండి. 1983లో బోర్కొవెక్ అనే శాస్త్రవేత్త బృందం పరీక్షించిన పద్ధతి ఇది: రోజూ ఒకే చోట, ఒకే వేళకు అరగంట కూర్చుని తనివితీరా దిగులుపడాలి. మిగతా వేళల్లో గుర్తొస్తే ‘సాయంత్రం చూద్దాం’ అని వాయిదా వేయాలి. రాత్రి నిద్ర పట్టాలంటే సాయంత్రం దాటాక సులేమానీ చాయ్ తగ్గించండి.

ఇంట్లో చెప్పాలా? ఇది నిజంగా కష్టమైన ప్రశ్న. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. మీకు రాత్రి పదకొండైతే అమ్మకు ఒంటిగంటన్నర. ఆ వేళ ఫోను మోగితే ఆమెకు తెల్లారే దాకా నిద్రుండదు. అలాగని ఎవరికీ చెప్పకుండా మింగేయడం ఇంకా ప్రమాదం. ఒక్కరికి చెప్పండి. అన్నో, బావమరిదో, రూములో పెద్దాయనో, నోరు జారని మనిషి. ఆయన చేయాల్సింది ధైర్యం చెప్పడం కూడా కాదు, ఆదివారం మీతో క్లినిక్‌కు రావడం.

నిద్ర రోజుల తరబడి పట్టకపోయినా, చావాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, రిపోర్టు కోసం ఆగకండి. సౌదీలో 937కు, ఇండియాలో ఉంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. గుండెలో నొప్పి వస్తే దిగులు వల్లేనని మీరే తేల్చేయకుండా అంబులెన్స్ 997ను పిలవండి.

ఇంకా ఊళ్లోనే ఉండి వీసా కోసం చూస్తున్నవాళ్లకు ఒక మాట. ఏజెంటు చేతిలో డబ్బు పెట్టకముందే హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే జగిత్యాలలోనో కడపలోనో సొంతంగా చేయించుకోండి. అప్పు చేసి వీసా కొన్నాక అన్‌ఫిట్ అనిపించుకోవడం కంటే, ఆ ఖర్చు ఎంతో తక్కువ. చిన్నప్పుడు టీబీకి మందులు వాడినవాళ్లు అప్పటి చీటీ, పాత ఎక్స్‌రే ఫిల్ము కవరులో పెట్టుకుని వెంట తెచ్చుకోండి. మచ్చ పాతదా కొత్తదా అని డాక్టరు తేల్చుకోవాలంటే, కొత్త ఫిల్ము పక్కన పెట్టి చూడటానికి ఆ పాతదే కావాలి.