ఓటు నాయకుడికా... ఆయన వెళ్లే చర్చికా?

నాయకుడి మతం తెలిస్తే అతని పాలన ఎలా ఉంటుందో తెలిసిపోతుందా? చర్చి బోధలను చేతిలో పట్టుకుని ఓటరు అభ్యర్థికి పరీక్ష పెట్టవచ్చా? స్కాట్లాండ్‌లో, అమెరికాలో, మన తిరుమల కొండ దగ్గరా తరచూ రాజుకునే ఈ వాదం మీదే ఈ వారం ముఖచిత్ర కథనం.

2023 ఫిబ్రవరిలో స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ నికోలా స్టర్జన్ ఉన్నట్టుండి రాజీనామా ప్రకటించారు. ఆ కుర్చీ కోసం స్కాటిష్ నేషనల్ పార్టీలో ముగ్గురు పోటీపడ్డారు. వాళ్లలో 32 ఏళ్ల ఆర్థిక మంత్రి కేట్ ఫోర్బ్స్ పేరు గట్టిగా వినిపించింది. మూడేళ్ల కిందట, అప్పటి ఆర్థిక మంత్రి హఠాత్తుగా తప్పుకున్న కొద్ది గంటలకే సభలో బడ్జెట్ చదివి శభాష్ అనిపించుకున్న మనిషి ఆమె. తల్లిదండ్రులు మిషనరీలు కావడంతో బాల్యం కొంత మన దేశంలోనే గడిచింది.

బరిలోకి దిగుతున్నానని ప్రకటించిన రోజే విలేఖరులు అడిగారు: ‘2014లో స్వలింగ వివాహాల బిల్లు వచ్చినప్పుడు మీరు సభలో ఉండి ఉంటే ఎటు ఓటేసేవారు?’ ఆమె తడుముకోలేదు. వ్యతిరేకంగానే వేసేదాన్నన్నారు. ఇప్పుడది చట్టం కాబట్టి ఆ హక్కును కాపాడతానని కూడా అన్నారు. పెళ్లి కాకుండా పిల్లల్ని కనడం తన విశ్వాసం ప్రకారం తప్పేనని మరో ఇంటర్వ్యూలో చెప్పారు. ఒకటి రెండు రోజుల్లోనే ఆమెకు మద్దతు పలికిన మంత్రులు, సభ్యులు కొందరు పక్కకు తప్పుకున్నారు. ఇక ఆమె పని అయిపోయిందని పత్రికలు రాసేశాయి. తీరా పార్టీ సభ్యుల ఓట్లు లెక్కపెడితే ఆఖరి రౌండులో ఆమె ప్రత్యర్థి హమ్జా యూసఫ్‌కు 52 శాతం, ఫోర్బ్స్‌కు 48 శాతం వచ్చాయి.

ఓడినా ఆ 48 శాతం చిన్న సంఖ్య కాదు. ఆమె చర్చి ఏం చెబుతుందో తెలిసీ వేసిన ఓట్లవి.

రాజ్యాన్ని ఎదిరించి పుట్టిన చర్చి

ఫోర్బ్స్ ఫ్రీ చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ సభ్యురాలు. 1843లో స్కాట్లాండ్ జాతీయ చర్చి రెండుగా చీలినప్పుడు పుట్టిందది. ఊళ్లో పాస్టరు ఎవరన్నది భూస్వామి నిర్ణయించే పద్ధతిని, దానికి చట్టం ఇస్తున్న అండను ఒప్పుకోలేక నాలుగు వందల మందికి పైగా పాస్టర్లు జీతాలు, ఇళ్లు వదులుకుని బయటికి నడిచారు. మా సంఘం సంగతుల్లో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నది వాళ్ల వాదం. సంప్రదాయం విషయంలో మహా పట్టుదల ఉన్న చర్చి. 2010 దాకా ఆరాధనల్లో వాద్యాలు లేవు, కీర్తనల గ్రంథంలోనివి తప్ప వేరే పాటలూ లేవు.

చర్చిలో ప్రభుత్వం వేలు పెట్టకూడదని పుట్టిన సంఘం సభ్యురాలిని, ప్రభుత్వంలో చర్చి వేలు పెడుతుందేమోనని నిలదీశారు. రెండు భయాలకూ మూలం ఒకటే. మత పీఠం, పాలన పీఠం ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే ఏమవుతుందో యూరప్ శతాబ్దాల పాటు అనుభవించింది. ఇంగ్లండ్‌లో 1673 నాటి టెస్ట్ చట్టం ప్రకారం, రాజ్యం ఒప్పుకున్న పద్ధతిలో ప్రభు భోజనం తీసుకోనివాడికి సర్కారు కొలువు లేదు. కాథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరుచుకున్నది 1829లో. యూదుడైన లయొనెల్ రోత్‌షీల్డ్ పదే పదే గెలిచి కూడా 1858 దాకా సభలో కూర్చోలేకపోయారు. నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లా 1880లో గెలిస్తే, ప్రమాణం గొడవ తేలి సీటు దక్కేసరికి 1886 వచ్చింది.

ఈ చరిత్ర తెలిసే అమెరికా రాజ్యాంగ నిర్మాతలు ఏ ప్రభుత్వ పదవికీ మత పరీక్ష పెట్టకూడదని ఆరో అధికరణంలో రాసుకున్నారు. ఆ నిబంధన సర్కారు చేతులను కట్టేసింది. ఓటరు మనసును ఏ నిబంధనా కట్టలేదు కదా!

పోప్ చెప్పినట్టు ఆడతారా?

1928లో డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థి అల్ స్మిత్ కాథలిక్. ఆయన గెలిస్తే వైట్‌హౌస్‌ను రోమ్ నుంచి నడిపిస్తారని ఊరూరా ప్రచారం సాగింది. ఓడిపోవడానికి వేరే కారణాలూ ఉన్నాయి కానీ ఆ మచ్చ మాత్రం ముప్పై ఏళ్లు నిలిచింది. 1960లో జాన్ కెనడీకీ అదే సెగ తగిలింది. ‘పాజిటివ్ థింకింగ్’ పుస్తకంతో మన దగ్గరా పేరున్న నార్మన్ విన్సెంట్ పీల్ సహా ప్రొటెస్టెంట్ ప్రముఖులు వాషింగ్టన్‌లో సమావేశమై, కాథలిక్ అధ్యక్షుడు తన చర్చి ఒత్తిడికి లొంగకుండా ఉండగలడా అని బహిరంగంగా సందేహించారు.

కెనడీ తప్పించుకోలేదు. సెప్టెంబర్ 12న హ్యూస్టన్‌లో పాస్టర్ల సంఘం ఎదుటికే వెళ్లారు. తాను కాథలిక్కుల అభ్యర్థిని కాననీ, డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిననీ, కాథలిక్ కావడం తన సొంత సంగతనీ చెప్పారు. అంతరాత్మకూ దేశ ప్రయోజనానికీ పొత్తు కుదరని రోజు వస్తే పదవికి రాజీనామా చేస్తానన్నారు. నవంబర్‌లో లక్ష పైచిలుకు ఓట్ల తేడాతో గట్టెక్కారు.

ఆ పాస్టర్ల భయం పూర్తిగా గాలిలోంచి పుట్టిందేం కాదు. ఇతర మతాల స్వేచ్ఛ విషయంలో కాథలిక్ చర్చి పాత బోధ నిజంగానే బిగుతుగా ఉండేది. అయిదేళ్లు తిరిగేసరికి, 1965 డిసెంబర్‌లో, రెండో వాటికన్ మహాసభ మత స్వేచ్ఛ మనిషి హక్కని ప్రకటించింది. కెనడీని ఏ బోధను చూపి అనుమానించారో ఆ బోధే మారిపోయింది.

ఇంకో తమాషా. కెనడీ ప్రత్యర్థి రిచర్డ్ నిక్సన్ క్వేకర్ కుటుంబంలో పెరిగారు. యుద్ధం చేయడమే తప్పని నమ్మే శాఖ అది. అలాంటి మనిషి సర్వసైన్యాధ్యక్షుడు ఎలా అవుతాడని ఆయన్ను అంత గట్టిగా నిలదీసినవాళ్లు లేరు. నిక్సన్ అప్పటికే రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి వచ్చారు. ఆయన విషయంలో జనం మనిషిని చూశారు. కెనడీ విషయంలో ముందు చర్చిని చూశారు.

తండ్రిని చూస్తే తెలుస్తుంది

చర్చి బోధ చూసి మనిషిని అంచనా వేస్తే ఎంత తప్పుతామో చెప్పడానికి జార్జ్ రామ్నీ జీవితం చాలు. 2012లో అధ్యక్ష పదవికి పోటీపడిన మిట్ రామ్నీ తండ్రి ఈయన. మార్మన్ చర్చిలో పెద్ద హోదా ఉన్నవాడు, మిషిగన్ గవర్నరు. నల్లజాతి పురుషులకు ఆ చర్చి 1978 దాకా యాజకత్వం ఇవ్వలేదు. ఈ లెక్కన రామ్నీ జాతి వివక్షను సమర్థించాలి. ఆయన మాత్రం 1963లో పౌరహక్కుల ఊరేగింపులో స్వయంగా నడిచారు. మరుసటి ఏడాది చర్చి అపొస్తలుల్లో ఒకరు, ఈ దారి మంచిది కాదంటూ హెచ్చరికగా ఉత్తరం రాశారు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. సొంత పార్టీ అధ్యక్ష అభ్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్‌కు మద్దతివ్వకపోవడానికీ పౌరహక్కులే ప్రధాన కారణం.

న్యాయస్థానంలోనూ ఇదే కనిపిస్తుంది. గర్భస్రావ హక్కుకు 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు రాజ్యాంగ రక్షణ తీసేసింది. మెజారిటీ తీర్పు రాసిన శామ్యూల్ అలీటో కాథలిక్. దాన్ని వ్యతిరేకించిన ముగ్గురిలో ఒకరైన సోనియా సోటోమాయర్ పెరిగిందీ కాథలిక్ ఇంట్లోనే. ఒకే జ్ఞానోపదేశం విన్న ఇద్దరు చెరో దారి పట్టారు.

చర్చే తీర్పరి అయితే

ఓటర్లే కాదు, చర్చిలు కూడా నాయకులకు పరీక్ష పెడతాయి. బ్రిటన్ లార్డ్ చాన్సలర్‌గా పనిచేసిన లార్డ్ మకే ఫ్రీ ప్రెస్బిటేరియన్ చర్చిలో సంఘ పెద్దగా ఉండేవారు. కన్నుమూసిన తోటి న్యాయమూర్తుల కోసం కాథలిక్ చర్చిలో జరిగిన పూజలకు హాజరయ్యారని 1989లో సొంత చర్చి ఆయన్ను సస్పెండ్ చేసింది. చనిపోయినవారికి మర్యాద చేయడం కూడా నేరమేనా అని సంఘంలో గొడవ రేగి, చివరికి చర్చే చీలిపోయింది.

జో బైడెన్‌కు 2019లో దక్షిణ కరోలినాలోని ఒక చర్చిలో ఫాదర్ సత్ప్రసాదం (ప్రభు భోజనం) నిరాకరించారు. గర్భస్రావ హక్కును సమర్థిస్తున్నారన్నది కారణం. ఆయన అధ్యక్షుడయ్యాక 2021 జూన్‌లో అమెరికా బిషప్పులు సత్ప్రసాదం మీద ఒక పత్రం తయారు చేయాలని 168-55 ఓట్లతో తీర్మానించారు. అదే ఏడాది రోమ్‌లో బైడెన్ పోప్ ఫ్రాన్సిస్‌ను కలిసి వచ్చి, సత్ప్రసాదం తీసుకుంటూ ఉండమని పోప్ తనతో అన్నారని చెప్పారు. నవంబర్‌లో పత్రం బయటికొచ్చింది. అందులో బైడెన్ పేరు లేదు.

మరణశిక్ష ఏ పరిస్థితిలోనూ ఆమోదయోగ్యం కాదని 2018లో పోప్ ఫ్రాన్సిస్ చర్చి అధికారిక బోధనను సవరించారు. ఇటీవలి దశాబ్దాల మొత్తం లెక్కలో మరణశిక్షల అమలులో అమెరికాలో మొదటి స్థానం టెక్సస్‌ది. దాని గవర్నర్ గ్రెగ్ అబాట్ కాథలిక్. అయినా సత్ప్రసాదం గొడవ గర్భస్రావం చుట్టూనే తిరిగింది. చర్చి బోధలన్నిట్లోంచీ ఏదో ఒకటి ఎంచి నాయకుడి నుదుటికి గురిపెడితే అది రాజకీయమే అవుతుంది. గురిపెట్టింది పాస్టరైనా, బిషప్పైనా, విలేఖరైనా తేడా లేదు.

అబద్ధాన్ని నేర్పే ప్రశ్న

బ్రిటన్ లిబరల్ డెమోక్రాట్ పార్టీ మాజీ నాయకుడు టిమ్ ఫారన్‌ది అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి. ఆయన ఎవాంజెలికల్ క్రైస్తవుడు. 2013లో స్వలింగ వివాహాల బిల్లు రెండో పఠనంలో అనుకూలంగా ఓటేశారు. అయినా 2015లో నాయకుడైన దగ్గర్నుంచి టీవీ స్టూడియోల్లో ఒకటే ప్రశ్న: స్వలింగ సంపర్కం పాపమా, కాదా? మొదట దాటవేశారు. 2017 ఎన్నికల వేళ ఒత్తిడి పెరిగి, పాపం కాదనేశారు. ఎన్నికలు ముగిసిన వారానికే, క్రైస్తవుడిగా బతుకుతూ పార్టీని నడపడం తన వల్ల కావడం లేదంటూ రాజీనామా చేశారు. ఆ మాట అన్నందుకు విచారిస్తున్నానని తర్వాత ఒప్పుకున్నారు.

ఫోర్బ్స్ మనసులో మాట చెప్పి దెబ్బతిన్నారు. ఫారన్ మనసులో లేనిది చెప్పి దెబ్బతిన్నారు. ఏది పాపమన్న ప్రశ్నకు సమాధానం ఓటరుకు పనికిరాదు. మందు తాగడం పాపమనుకునే ఎమ్మెల్యే బార్ లైసెన్సుల మీద ఎటు ఓటేస్తాడో ఆ నమ్మకం చెప్పదు. అతని ఓటు చెబుతుంది. ఆ ప్రశ్నే పదే పదే వేస్తే నాయకులు అబద్ధాలు నేర్చుకుంటారు, లేదా విశ్వాసులు రాజకీయాలకు దూరమవుతారు. రెంటివల్లా ప్రజాస్వామ్యానికే నష్టం.

ఫోర్బ్స్‌ను అడిగిన మరో ప్రశ్న అలాంటిది కాదు. ‘ఎటు ఓటేసేవారు?’ అన్నది చట్టసభ పనికి సంబంధించింది. దానికి వచ్చిన జవాబును బట్టి మద్దతు ఉపసంహరించుకున్నవాళ్లు ఆమె మతాన్ని శిక్షించినట్టు కాదు. ముస్లిం అయిన యూసఫ్‌నూ ఆ ప్రశ్న వదల్లేదు. 2014 తుది ఓటింగ్‌కు ఎందుకు రాలేదని అడిగితే, వేరే అధికారిక సమావేశం ఉందన్నారు. తన మతాన్ని ఆధారం చేసుకుని చట్టాలు చేయనని స్పష్టం చేశారు. ఇద్దరికీ ఒకే ప్రశ్న, ఇద్దరి జవాబులూ ఓటర్ల ముందుకే వచ్చాయి. ఫోర్బ్స్ రాజకీయ జీవితమూ అక్కడితో ఆగలేదు. 2024 మేలో ఉప ఫస్ట్ మినిస్టర్ అయ్యారు.

బోధను తెచ్చింది నాయకుడే అయితే

చర్చి బోధతో నాయకుణ్ని నిలదీయాల్సిన సందర్భం కూడా ఒకటుంది. నాయకుడే ఆ బోధను వేదిక ఎక్కించినప్పుడు. అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి.వాన్స్ 2019లో కాథలిక్ అయ్యారు. ఆయన భార్య, తెలుగు మూలాలున్న చిలుకూరి ఉష హిందువు. 2025 జనవరిలో వలసదారులపై ప్రభుత్వ కఠిన వైఖరిని సమర్థిస్తూ, ముందు మనవాళ్లు, తర్వాతే పరాయివాళ్లు అనే ప్రేమ క్రమం క్రైస్తవ బోధలోనే ఉందని వాన్స్ వాదించారు. ఫిబ్రవరి 10న పోప్ ఫ్రాన్సిస్ అమెరికా బిషప్పులకు లేఖ రాస్తూ, అసలైన ప్రేమ క్రమం బైబిల్లో పరాయివాడిని ఆదుకున్న మంచి సమరయుడి కథలో ఉందని గుర్తు చేశారు. వాన్స్ పేరెత్తలేదు కానీ జవాబు ఎవరికో అందరికీ అర్థమైంది. ప్రభుత్వ విధానానికి ఆధారంగా చర్చిని చూపించినవాడిని, ‘చర్చి నిజంగా అలా అంటోందా?’ అని అడిగే హక్కు ప్రతి పౌరుడికీ ఉంటుంది.

అయితే ఆ ప్రశ్న ఆయన విధానం దగ్గరే ఆగాలి. తన భార్య ఏదో ఒకనాడు క్రైస్తవం వైపు వస్తే బాగుండునని ఆ ఏడాది అక్టోబర్‌లో వాన్స్ బహిరంగంగా అన్నప్పుడు, మనవాళ్లలోనూ చాలామంది నొచ్చుకున్నారు. ఆ మాట సభలో అనడం ఉచితమా అని అడగవచ్చు. ఉష ఏ దేవుణ్ని కొలవాలన్నది మాత్రం ఓటర్ల లెక్కలోకి రాదు.

కొండకు వేరు, కుర్చీకి వేరు

మన రాజ్యాంగమూ పదవులకు మత పరీక్ష పెట్టలేదు. మంత్రి దైవసాక్షిగానైనా ప్రమాణం చేయవచ్చు, ఆత్మసాక్షిగానైనా చేయవచ్చు. మత సంస్థలో పదవికి ఆ మతస్థులే ఉండాలని చట్టం చేసుకునే వీలును మాత్రం 16వ అధికరణం మినహాయింపుగా ఇచ్చింది. గుడి ధర్మకర్తకు ఒక నియమం, ముఖ్యమంత్రికి ఒక నియమం ఉండవచ్చన్న మాట. అభ్యర్థి మతాన్ని గానీ ఓటరు మతాన్ని గానీ చూపి ఓట్లడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ ప్రకారం అవినీతి చర్య. 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 తేడాతో దాన్ని మరింత గట్టిపరిచింది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా మన చర్చలు కలగాపులగమే. 2024 సెప్టెంబర్‌లో మాజీ ముఖ్యమంత్రి జగన్ తిరుమల వెళ్తారనగానే, అన్యమతస్థులు సంతకం చేయాల్సిన డిక్లరేషన్ రాజకీయ రచ్చ అయింది. నాలుగు గోడల మధ్య బైబిల్ చదువుతాననీ, బయట అన్ని మతాలనూ గౌరవిస్తాననీ చెప్పి ఆయన ప్రయాణం మానుకున్నారు. డిక్లరేషన్ ఉండాలా వద్దా, ఎవరు సంతకం చేయాలి అన్నది ఆలయ నియమం. భక్తులు దాన్ని అడగవచ్చు, వాదించుకోవచ్చు. ఆయన అయిదేళ్ల పాలన మంచిదా చెడ్డదా అన్నది రోడ్లు, అప్పులు, పింఛన్లు, రాజధాని చూసి తేల్చాల్సిన సంగతి. మొదటిదాని తీర్పును రెండోదానికి అంటగట్టేవాళ్లు అన్ని పక్షాల్లోనూ ఉన్నారు.

అడగాల్సింది ఇదీ

మతం అడక్కూడని విషయమని మొహం తిప్పుకోనక్కర్లేదు. విశ్వాసం మనిషిని లోపల్నుంచి నడిపిస్తుంది, నాయకుడినీ నడిపిస్తుంది. కాబట్టి అడగాలి. మీ నమ్మకాన్ని పాటించని వాళ్ల మీద చట్టంగా రుద్దుతారా? ఇప్పటికే ఉన్న హక్కును, మీకు నచ్చకపోయినా, కాపాడతారా? మీ మత పెద్ద ఒకటి చెప్పి, రాజ్యాంగం మరొకటి చెబితే ఏం చేస్తారు? గతంలో ఇలాంటి సందర్భంలో మీ ఓటు ఎటు పడింది? చర్చికి వెళ్లేవారినైనా, గుడికో మసీదుకో వెళ్లేవారినైనా, ఎక్కడికీ వెళ్లనివారినైనా ఇవే అడగవచ్చు.

అందరినీ అడగాలి. మైనారిటీ అభ్యర్థినే పట్టుకుని అడిగి, మెజారిటీ మతం నాయకుడి దగ్గర అదే ప్రశ్న మింగేస్తే అది ఓటరు వివేకం అనిపించుకోదు. 1960లో కెనడీని అడిగి నిక్సన్‌ను అడగకపోవడం లాంటిదే అవుతుంది. యజ్ఞాలు చేయించే ముఖ్యమంత్రికీ, ప్రార్థన కూటాలకు వెళ్లే ముఖ్యమంత్రికీ, దర్గాలో చాదర్ సమర్పించే మంత్రికీ వేయాల్సిన ప్రశ్న ఒకటే: మీ మొక్కు మీది, దాని ఖర్చూ దాని చట్టమూ మా నెత్తిన పెడతారా?