నష్టపరిహారం - ముఆవజా

మన పత్రికలో ఉర్దూ, తెలుగు పుటలు ఒకే అట్టల మధ్య ఇమిడి ఉండటం పాఠకులు ఎరిగినదే. అప్పుడప్పుడు ఈ రెండు భాషలలోని రెండు మాటలను ప్రక్కప్రక్కన నిలిపి చూస్తే ఒక పెద్ద విషయమే బోధపడుతుంది. ప్రమాదంలో గాయపడిన వానికి దక్కవలసిన ధనాన్ని తెలుగులో నష్టపరిహారం అంటాము. పరిహారం అనగానే దోషపరిహారం, పాపపరిహారం మనసుకు తోస్తాయి. ఎవరో తప్పు చేసి ఉండాలి, దానిని కడుగుకోవాలి అన్న భావన ఆ మాటలోనే ఉన్నది. ఉర్దూలో దానినే ముఆవజా అంటారు. ఇది ఇవజ్ అనే అరబీ మాటకు సంబంధించినది. పోయిన దానికి బదులు అని మాత్రమే దాని అర్థం. తప్పెవరిదన్న ప్రశ్న అందులో లేదు.

న్యాయశాస్త్రం కూడా ఈ రెండు మాటల మధ్యనే శతాబ్దానికి పైగా నడిచినది. అయితే మన నస్పూరు, శ్రీరాంపూరు వాడలలో జనం ఇంకను మొదటి మాట దగ్గరనే ఆగి ఉన్నారని మా అనుభవం.

కొన్ని సంవత్సరాల క్రితం మా తరగతి విద్యార్థి ఒకడు ఉన్నట్టుండి చదువు మానినాడు. కబురు చేసి పిలిపించగా సంగతి తెలిసినది. తండ్రి ఒక గుత్తేదారు వద్ద కూలి. కట్టడం పనిలో పరంజా మీదనుండి పడి వెన్నెముక విరిగినది. ఇక మంచం దిగడని వైద్యులు చెప్పినారు. గుత్తేదారు మనుషులు ఆసుపత్రి ఖర్చు భరించి, చేతిలో ముప్పై వేల రూపాయలు పెట్టి, ఇక ఏ హక్కు లేదని వ్రాసిన కాగితం మీద వేలిముద్ర వేయించుకొన్నారు. "మా నాయినదే తప్పంట సార్, బెల్టు కట్టుకోలేదంట" అన్నాడు ఆ అబ్బాయి తల వంచుకొని. తండ్రి పడినందుకు కాక, తండ్రి తప్పు చేసినందుకు వాడు సిగ్గుపడుతున్నాడు. ఆ సిగ్గు మమ్ములను కలచివేసినది. ఆ మాటలో సగం నిజమైనా, చట్టం దృష్టిలో దానికి విలువ లేదు.

పంతొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండు న్యాయస్థానాలు కార్మికుని మూడు వాదనలతో త్రిప్పి పంపేవి. అపాయం తెలిసియే పనిలో చేరినావు. నీ అజాగ్రత్త కూడ ఉన్నది. తప్పు యజమానిది కాదు, నీ తోటి పనివానిది. ఈ మూడింటిని దాటి రూపాయి తెచ్చుకొన్నవాడు అరుదు. మన దేశంలో 1923లో చేసి, 1924 జూలై 1 నుండి అమలైన వర్క్‌మెన్ నష్టపరిహార చట్టం ఆ తలుపులను చాలావరకు మూసివేసినది. పని కారణంగా, పని కాలంలో గాయం కలిగినదా అన్నదే అది అడిగే మొదటి ప్రశ్న. మద్యం మత్తు, ఆజ్ఞలను బుద్ధిపూర్వకంగా ధిక్కరించడం, రక్షణ సాధనాన్ని కావాలని తొలగించడం వంటి మినహాయింపులు యజమానికి లేకపోలేదు. కాని మరణం గాని, శాశ్వతమైన సంపూర్ణ వైకల్యం గాని సంభవించినప్పుడు ఆ మినహాయింపులు కూడ చెల్లవు. బెల్టు మాట అక్కడితో సరి.

ఇక వేలిముద్ర. హక్కు వదులుకొంటున్నట్టు వ్రాసిచ్చిన ఒప్పందం ఏదైనను చెల్లదని ఆ చట్టంలోనే ఉన్నది. మరొక సంగతి మన ప్రాంతానికి మరీ ముఖ్యం: గుత్తేదారు ద్వారా వచ్చిన కూలికి, పని తమ వ్యాపారంలో భాగమైనప్పుడు, ఆ పని చేయించుకొనే అసలు యజమాని కూడ బాధ్యుడే. తాను చెల్లించి పిదప గుత్తేదారునుండి రాబట్టుకోవచ్చును. బొగ్గుబాయిలో పర్మినెంటు కార్మికునికి సంఘం అండ ఉంటుంది. గుత్త కూలికి ఈ ఒక్క నిబంధనే అండ.

లెక్క చూడండి. శాశ్వత సంపూర్ణ వైకల్యానికి నెల వేతనంలో నూటికి 60 వంతులు తీసుకొని, వయస్సును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చవేయాలి. నలభై ఏండ్ల వానికి గుణకం 184.17. వేతనం 12,000 రూపాయలైతే 7,200ను దానితో హెచ్చించగా 13,26,024 రూపాయలు వస్తుంది. ఆ ఇంటికి ముట్టినది ముప్పై వేలు!

1923 నాటి చట్టం 2020 సామాజిక భద్రతా స్మృతిలో కలిసి, ఆ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. పైన చెప్పిన సూత్రాలు అందులోను నిలిచి ఉన్నవి. ఇంటినుండి పనికి వెళ్ళే దారిలో, పనినుండి వచ్చే దారిలో జరిగే ప్రమాదం కూడ పనితో సంబంధం ఉన్నట్లయితే దాని క్రిందకు వస్తుంది. రాత్రి షిఫ్టుకు బండి మీద వెళ్ళేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

కూలి కాని వాని సంగతేమిటని అడుగవచ్చు. మధ్యప్రదేశ్‌లో 1997 ఆగస్టులో ఒక కర్మాగారపు పనివాడు రాత్రివేళ సైకిలు మీద ఇంటికి వస్తున్నాడు. వానకు రోడ్డు మీద నీరు నిలిచినది. ఆ నీటిలో పడియున్న విద్యుత్తు తీగను చూడక దాని మీదుగా తొక్కి మరణించినాడు. ఎవడో దొంగతనంగా కరెంటు లాగుకొనడానికి తీగ వేసినాడని, తమ తప్పేమీ లేదని విద్యుత్తు బోర్డు వాదించినది. 2002లో సుప్రీంకోర్టు దానిని అంగీకరించలేదు. అంత అపాయకరమైన శక్తిని సరఫరా చేసే సంస్థ, తప్పుతో నిమిత్తం లేకుండా, దానివలన కలిగే హానికి బాధ్యత వహించవలసిందేనన్నది. ఇదియే ముఆవజా! రోడ్డు మీద లారీ ఢీకొన్నప్పుడు కూడ మోటారు వాహనాల చట్టం 164వ విభాగం క్రింద, డ్రైవరు తప్పు నిరూపింపకయే మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు కోరవచ్చును. గుద్ది పారిపోయిన వాహనం జాడ తెలియకపోతే మరణానికి 2 లక్షలు.

అయితే ఇంటి వెనుక ఇనుప దండెం తీగను కరెంటు వైరు ప్రక్కగా కట్టి తడిబట్టలు ఆరవేసేవారికి, చలికాలపు రాత్రి బొగ్గు కుంపటిని గదిలో పెట్టుకొని తలుపులు బిగించుకొనేవారికి ఏ చట్టం ముఆవజా ఇప్పించలేదు. కుంపటినుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. బొగ్గు పుట్టిన నేలమీద ఉంటూ ఈ మాట చెప్పవలసి రావడం మాకు కష్టంగానే ఉన్నది.

ఆ విద్యార్థి తండ్రి విషయంలో అప్పటి చట్టపు రెండేండ్ల గడువు ఇంకా మించలేదు. ఆసుపత్రి చీటీలు తల్లి బియ్యపు డబ్బాలో దాచినది. హాజరు రాసిన చిన్న పుస్తకం ఒక తోటి కూలి వద్ద దొరికినది. కార్మికులకు, స్త్రీలకు, అంగవైకల్యం గలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ప్రకారం లభిస్తుంది గనుక వకీలు ఫీజు బెంగ తీరినది. కార్మికశాఖ అధికారి ముందు దరఖాస్తు పడిన నాడు గుత్తేదారు తరఫువారు వేలిముద్ర కాగితం బయటకు తీసినారు. అధికారి దానిని చదివి, ప్రక్కన పెట్టి, హాజరు పుస్తకం అడిగినాడు.