బోదకాలు

బోదకాలు లేదా ఏనుగుకాలు ఫైలేరియా పురుగుల వలన ఎక్కువగా కాలికి, అరుదుగా చేతికి వచ్చే దీర్ఘకాలిక వాపు. భారతదేశంలో దీనికి ప్రధాన కారణం ఉకరేరియా బాంక్రాఫ్టీ అనే దారం వంటి పురుగు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీనిని ఒకరినుండి మరొకరికి చేరవేస్తుందు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని అనేక జిల్లాలలో ఈ వ్యాధి చాలాకాలంగా ఉంది.

వాపు ఏర్పడే విధానం

పెద్ద పురుగులు శోషరస నాళాలలో (లింఫు నాళాలు) సుమారు 6 నుండి 8 సంవత్సరాలు జీవిస్తాయి. వీటి పిల్లలైన మైక్రోఫైలేరియాలు రక్తంలో తిరుగుతాయి. పురుగులున్న నాళాలు సాగి దెబ్బతినడం వలన ద్రవం కాలిలో నిలిచిపోతుంది. అటువంటి కాలిలోకి చర్మపు పగుళ్ళ ద్వారా బాక్టీరియా ప్రవేశిస్తే చలిజ్వరం వచ్చి, గజ్జలలో బిళ్ళ కట్టి, కాలు ఎర్రబడి నొప్పి పుడుతుంది. ఇలా జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు పెరిగి చర్మం మందమవుతుంది. అనగా కాలు లావెక్కడానికి పురుగు ఒక్కటే కారణం కాదు.

వ్యాధి నిర్ధారణ

తొలిదశలో వాపు రాత్రి విశ్రాంతితో తగ్గిపోతుంది. వేలితో నొక్కితే గుంట పడుతుంది. ముదిరిన కొద్దీ వాపు తగ్గదు, చర్మం గట్టిపడి మడతలు పడుతుంది.

మైక్రోఫైలేరియాలు రాత్రిపూట రక్తంలో ఎక్కువగా కనిపిస్తాయి. అందువలన రాత్రి 10 నుండి 2 గంటల మధ్య రక్తం తీసి పరీక్షిస్తారు. యాంటిజెన్ పరీక్షను ఏ వేళనైనా చేయవచ్చు. అయితే కాలు బాగా వాచిన దశలో రక్తంలో మైక్రోఫైలేరియాలు కనిపించకపోవచ్చు.

ప్రతి వాపూ బోదకాలు కాదు. రెండు కాళ్ళూ సమానంగా వాస్తే గుండె, మూత్రపిండాలు, కాలేయం పరీక్షించాలి. ఒక కాలు అకస్మాత్తుగా వాచి నొప్పి పుడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

చికిత్స, సంరక్షణ

డైఇథైల్ కార్బమజిన్ (డి.ఇ.సి.) మందు పురుగులపై పనిచేస్తుంది గాని, ముదిరిన వాపును తగ్గించదు. వాపు పెరగకుండా ఆపేది రోజువారీ సంరక్షణే.

* కాలిని రోజూ సబ్బుతో, మంచినీటితో కడిగి, వేళ్ళ సందులతో సహా మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలి.
* పగుళ్ళకు, పుండ్లకు వైద్యుడు సూచించిన మందు రాయాలి.
* కూర్చున్నపుడు, పడుకున్నపుడు కాలిని ఎత్తులో ఉంచాలి. మడమను పైకీ కిందికీ ఆడించాలి.
* ఒరిపిడి లేని చెప్పులు ధరించాలి.

జ్వరం, నొప్పి ఉన్నపుడు వ్యాయామం మాని, తడిగుడ్డ వేసి, వైద్యుని సంప్రదించాలి. కాపడం పెట్టరాదు.

నివారణ

భారతదేశంలో 2004 నుండి వ్యాధి ఉన్న జిల్లాలలో సామూహికంగా మందులు పంపిణీ చేస్తున్నారు. 2018 నుండి కొన్ని జిల్లాలలో డి.ఇ.సి., ఆల్బెండజోల్ మందులకు ఐవర్‌మెక్టిన్ కూడా చేర్చారు. రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడినవారు వీటిని వాడరాదు. ఏ లక్షణాలూ లేనివారి రక్తంలో కూడా మైక్రోఫైలేరియాలు ఉండవచ్చు కనుక, కాలు వాచినవారే గాక ఆరోగ్యంగా ఉన్నవారు కూడా ఈ మాత్రలు మింగవలసి ఉంటుంది.