చెరువులోని చిరుచేప

మృగశిరకార్తె ప్రవేశించు దినమున మా కట్టంగూరులో మాంసాహారుల యింట చేప వండని పొయ్యి వెదకినను కానరాదు. జూన్ నెల 7వ తేదీనో, 8వ తేదీనో తెల్లవారకమునుపే అంగడిలో గంపలు దిగును. రోహిణి యెండలకు మాడిన దేహము తొలకరి చల్లదనమునకు ఒక్కసారిగా లోనగును గనుక, ఆ దినమున చేప తిన్నచో పడిసెము, ఉబ్బసము దరిజేరవని పెద్దల నమ్మకము. హైదరాబాదులో బత్తిని వంశమువారు కొర్రమీను పిల్లనోట మందుంచి ఉబ్బసరోగులచే మ్రింగించుటయు ఆ కార్తె ప్రవేశమందే. ఆ మందు గుణాగుణములను వైద్యులు విచారింతురు గాక. మేము చెప్పబూనినది అంతకంటె చిన్న సంగతి. కార్తె దినమున ధర యెంతయైనను వెనుదీయక కొన్న గృహములలోనే మరునాటి నుండి చేప యను మాట నెలల తరబడి వినబడదు. వినబడిననాడు దాని నడిమి ముక్క యెవరి పళ్ళెమున పడుచున్నదో ప్రతి యిల్లాలికిని తెలియును.

శాకాహారము నియమముగా గల సోదరీమణులకు మేము నియమభంగము బోధింపము. చేప తినుట ఆచారమైయుండియు, చేతికందుచుండియు, విడిచిపెట్టుచున్న గృహములవారి కొరకే యీ నాలుగు మాటలు.

మన నల్లగొండ సీమలో ఎముకల పుష్టిని గూర్చిన చింత తక్కిన ప్రాంతములకంటె హెచ్చుగా నుండవలసినది. ఇచ్చటి భూగర్భజలములలో ఫ్లోరైడు మెండు. మునుగోడు, మర్రిగూడ ప్రాంతములలో బావినీరు, బోరునీరు త్రాగి పండ్లు గారపట్టినవారిని, నడుము వంగినవారిని, మెడ త్రిప్పలేనివారిని చూడనివారు మనలో అరుదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు మన జిల్లా గ్రామములను పరిశీలించి, యెదుగు పిల్లల మోకాళ్ళు లోనికి వంగి ఒండొంటిని రాచుకొను వ్యాధిని గూర్చి 1973వ సంవత్సరమున ప్రకటించిరి. నీటియందు ఫ్లోరైడు హెచ్చుటయు, తిండియందు కాల్షియము తగ్గుటయు ఒక్కచోట కూడినపుడు ఎముక రెండింతలుగా నష్టపోవును. భోజనములోని కాల్షియము జీర్ణకోశమున ఫ్లోరైడును పట్టుకొని, అది రక్తమున కలియకుండ కొంతవరకు నిలుపును. 2016 నుండి మిషన్ భగీరథ పథకముచే నదీజలములు మన గ్రామములకు వచ్చినవి. నీటి సంగతి ప్రభుత్వము చూచినది; తిండి సంగతి మన వంటయింటిలోనే చూచుకొనవలసియున్నది.

2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి మించి రక్తహీనులని తేలినది. అయిదేండ్లలోపు పిల్లలలోనైతే నూటికి 70 మంది. ఈ అంకెలు చదివినపుడు ఎవరివో యనిపించును. మన వీధిలో పదిమంది పసివారిని నిలువబెట్టి యెంచిచూచిన ఏడుగురిని వేరు చేయవలసివచ్చునన్నమాట.

చేప మాంసకృత్తులు గల యాహారమని అందరెరుగుదురు. పప్పునందు లేని విటమిన్ బి12 దీనియందు కలదు. దీనిలోని యినుము శరీరమునకు తేలికగా పట్టుటయే కాక, ప్రక్కనున్న ఆకుకూరలోని యినుమును సైతము పట్టునట్లు చేయును. అందుచేత గోంగూరయో, తోటకూరయో చేపతోగూడ తిన్నచో రెండింటికిని ఫలము హెచ్చు. ఇంతవరకు బొచ్చెయైనను, రవ్వయైనను, కొర్రమీనైనను ఒక్కటే. భేదమంతయు ముల్లు దగ్గర వచ్చును. పెద్దచేప ముల్లును మనము తీసి పారవేయుదుము. కాల్షియమంతయు ఆ ముల్లులోనే పోవును. పరకలు, చిన్న జెల్లలు మొదలగు వ్రేలెడు చేపలనైతే ముల్లుతోగూడ నమలివేయుదుము. నూరు గ్రాముల పాలలో కాల్షియము 120 మిల్లీగ్రాముల ప్రాంతమున ఉండగా, ముల్లుతో తిను చిరుచేపలలో అంతకు అయిదారు రెట్లుండును. పెద్దవారికి దినమునకు 1000 మిల్లీగ్రాములు వలయునని జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో నిర్ణయించిరి. జొన్నగట్క, మజ్జిగనీళ్ళతో గడచు ఇండ్లలో ఆ లెక్క యెట్లు నిండునో మేము యెన్నిమారులు కూడి చూచినను నిండలేదు.

మరియొక వింత కలదు. బంగాళాదేశమున మోల యను చిరుచేపను శాస్త్రజ్ఞులు పరీక్షింపగా, కంటిచూపునకు ముఖ్యమైన విటమిన్ ఏ దానియందు మిక్కుటముగానున్నదనియు, అందధికభాగము ఆ చేప కన్నులయందును, పొట్టలోని భాగములయందును నిలిచియున్నదనియు తెలిసినది. శుభ్రతయని మనము మొట్టమొదట గిల్లి పారవేయునవి అవియే! పొట్టలోని చేదును సహింపలేము గనుక దానిని తీసినను తీయుదము. చిరుచేపల తలను మాత్రము పిల్లి పాలు చేయకుండుట మేలు. పెద్దచేప తలయు, తోకయు, అడుగంటిన పులుసును మాత్రమే కోడలికి మిగులు గృహములలో తల విలువ తెలిసి యిచ్చినవారు లేరు గాని, పాపము, ఆ తల తక్కువ వస్తువు కాదు.

ఇక వంట. చిరుచేపలను గరుకురాతిపై బూడిదతో రుద్ది పొలుసు పోగొట్టి, ఉప్పు పసుపులతో రెండుమూడు నీళ్ళు కడుగవలెను. కాల్చిన ఉల్లిగడ్డ, ధనియములు, జీలకఱ్ఱ, వేయించిన మెంతులు, వెల్లుల్లి నూరి నూనెలో మగ్గించి, చింతపండు రసము పోసి మరిగిన పిదప చేపలను విడువవలెను. అటుపిమ్మట గరిటె పెట్టరాదు. కుండను రెండు చేతుల పట్టి త్రిప్పిన చాలును. సన్నని సెగపై చాలసేపుంచినచో పులుపునకు ముల్లు మెత్తబడి నోటిలో అడ్డుపడదు. తొందరపడి దించిన పులుసునకు రుచియు లేదు, ముల్లును లొంగదు. చింతపండునకు వేరొక గుణము కూడ కలదు. దినమునకు 10 గ్రాముల చింతపండును బాలురకు కొన్నాళ్ళు భోజనములో నిచ్చి చూడగా, వారి మూత్రమున ఫ్లోరైడు అధికముగా బయటికి పోయినదని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిరి. పులుసే మందని మేమనుట లేదు. మన అవ్వలు ఈ సీమలో చేపను చింతపండుతోనే యేల వండిరో వారెరుగరు; అయినను ఆ జోడు మనకు కలిసివచ్చినది. బోరునీరు నింపి పెంచిన గుంటల చేపలైనచో ముల్లు విడిచి తినుట మంచిది, ఎముక ఫ్లోరైడును నిలువచేసికొనును గనుక. వాననీటి చెరువు చేపకు ఆ శంక తక్కువ.

ఇది నేటి వంటయును కాదు. మన పానగల్లును రాజధానిగా నేలిన కందూరు చోడులు కల్యాణి చాళుక్యులకు సామంతులు. ఆ చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున సంస్కృతమున రచించిన మానసోల్లాసమునందు చేపల జాతులు, వానికి వేయు మేత, గాలమువేయు వినోదము మాత్రమే గాక, చేపముక్కలను చింతపండు రసముతో వండు విధము కూడ వర్ణింపబడినది. అంతకుమున్ను చరకసంహిత చేపలలో రోహితము శ్రేష్ఠమని చెప్పినది. అదియే మన రవ్వ. చేపను పాలతో కలిపి తినరాదన్న మాటయు అందలిదే. ఆ నియమము పాటించువారిని మేము కాదనము. పాలు ఉదయము, చేప మధ్యాహ్నము పెట్టుకొన్న సరిపోవును గాని, యా మిష చూపి రెంటినిని కోడలికి మాన్పించుట మాత్రము చరకుడు చెప్పినది కాదు.

మా పొరుగింట జరిగినది చెప్పెదము. ఆ యింటి కోడలికి అయిదవ నెల. ముఖము తెల్లగా పాలిపోయి, గడప దాటుటకే ఆయాసపడుచుండెడిది. అత్తగారు చెడ్డమనిషి కాదు. కోడలియం దెంతో ప్రేమ గలది. అయినను, "కడుపుతోటి ఉన్నది, చేపలు తింటే వేడి చేస్తదమ్మా" యని చేప వండిన నాడెల్ల ఆ పిల్లకు పచ్చిపులుసు, అన్నము పెట్టెడిది. మేము ఆమెతో వాదింపలేదు. కోస్తా జిల్లాలలో బాలింతకు పాలు పడునని సొరచేప పిట్టు వండిపెట్టుదురని మాత్రము చెప్పితిమి. "ఆళ్ళకు వేడి చెయ్యదా?" యని యామె యడిగెను. సముద్రము దగ్గరివారికి చేయని వేడి చెరువు దగ్గరివారికి చేయుటకు కారణము మాకు తోచలేదంటిమి. ఆమె కొంతసేపూరకుండి, "మా అమ్మ నాకు పెట్టలేదు, నేను దీనికి పెట్టలే" యనెను. ఆ మాటలో కోపము లేదు, విచారమే యున్నది. ఆరోగ్యకేంద్రమునకు పోయినపుడు నర్సమ్మను అడుగుమని చెప్పి మేము లేచితిమి.

2015 జనవరి నుండి ఆరోగ్యలక్ష్మి పేర అంగన్వాడీలలో గర్భిణులకు, బాలింతలకు ఒకపూట భోజనము, గ్రుడ్డు, పాలు ఇచ్చు ఏర్పాటు జరిగినది. మంచి పని. చేప మాత్రము అందు చేర్చబడలేదు. ఒడిశా రాష్ట్రమున కొన్నిచోట్ల ఎండబెట్టిన చిరుచేపల పొడిని అంగన్వాడీ భోజనమున చేర్చి చూచిరి. ఆ పొడి మనమును ఇంట చేసికొనవచ్చును. ఉప్పు పట్టించని ఎండుచేపలను, లేదా చిరుచేపలను ఎత్తైన మంచెపై పలుచని గుడ్డ కప్పి మనమే యెండబెట్టినవానిని దోరగా వేయించి, రోటిలో మెత్తగా దంచి, సన్నని జల్లెడ పట్టవలెను. జల్లెడలో నిలిచినదానిని మరల దంచుడు. ఆరు నెలలు నిండిన పిల్లవాని మెత్తని యన్నములో చిటికెడుతో మొదలిడి, వానికి పడినదని తెలిసిన మీదట చెంచెడు వరకు కలుపవచ్చును. ముల్లు గుచ్చుకొనునను భయము దీనితో తీరును. బాటప్రక్కల మట్టిపై పరచి యెండబెట్టిన చేపలను మాత్రము ఊరక యిచ్చినను పుచ్చుకొనకుడు.

చేపలు మనకు దొరకవని యనుటకు వీలు లేదు. మా మండలములో అయిటిపాముల చెరువున్నది. చెరువు అన్నారమను గ్రామమునకు పేరే చెరువు. 2016 నుండి ప్రభుత్వము చెరువులలో బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలను ఉచితముగా విడుచు పథకము చేపట్టినది. ముదిరాజుల, గంగపుత్రుల సంఘములవారు పెంచి పట్టిన ఆ చేపలలో పెద్దవి వ్యాపారుల వాహనములకెక్కి పట్టణములకు తరలును. హైదరాబాదునకు, విజయవాడకు పోవు పెద్దబాట మా ఊరి మీదుగానే పోవుచున్నది మరి. అమ్ముకొనుట వారి జీవనము, తప్పుపట్టరాదు. వలలో వానితోపాటు పడిన పరకలకు పట్టణమున గిరాకి తక్కువ. అవియే మన గంపలలోనికి వచ్చును, వేటమాంసముతో పోల్చినచో ధరయు స్వల్పము. కన్ను ఉబ్బి మెరయుచు, మొప్ప ఎఱ్ఱగా నుండి, వ్రేలితో నొక్కిన కండ తిరిగి లేచునది తాజా చేప. వానలు పడి చేపలు గ్రుడ్లు పెట్టు దినములలో గ్రుడ్డుచేపను అడిగి కొనకుండిన మరుసటి యేటికి చెరువు మనకే నిండును. మందు చల్లి పట్టిన చేపను కొనకుండుటయు మన చేతిలోని పనియే.

మొన్న శుక్రవారము గంప దిగినపుడు పొరుగింటి అత్తగారు మాకంటె ముందే వచ్చి కూర్చుండెను. అరకిలో పరకలు ఏరుకొని, "తలలు తియ్యకు" అని చేపలామెకు రెండుమారులు చెప్పెను. మధ్యాహ్నము ఆ యింటి దొడ్డివైపు నుండి పులుసు వాసన వచ్చినది. కోడలు తినినదో లేదో మేము పోయి చూడలేదు. సాయంకాలము ఆ పిల్లయే గిన్నెతో మా గడప యెక్కి, "అత్తమ్మ మీకు పంపింది, మేము తిన్నం" అని చెప్పిపోయినది.