చక్రాల కుర్చీలో బాస్కెట్‌బాల్‌: పద్నాలుగు పాయింట్ల లెక్క

ఆదోని/ఎమ్మిగనూరు: కాళ్లు చచ్చుబడిన వ్యక్తి బాస్కెట్‌బాల్‌ ఆడడమేమిటని ఆశ్చర్యపోయేవారు జిల్లా పశ్చిమ ప్రాంతంలో నేటికీ ఉన్నారు. ఆడడమే కాదు, ఈ క్రీడలో తీవ్ర వైకల్యం గల ఆటగాడికి మిగిలినవారికన్నా ఎక్కువ గిరాకీ ఉంటుంది. మన దేశంలో ఈ క్రీడకు తొలి జాతీయ ఛాంపియన్‌షిప్‌ 2014లో చెన్నైలో జరిగింది. దానికి పూనుకున్నది తెలుగు మహిళే కావడం విశేషం.

ఖమ్మం జిల్లా సత్తుపల్లికి చెందిన మాధవీలత పసితనంలోనే పోలియో బారిన పడ్డారు. చదువు పూర్తిచేసి చెన్నైలో బ్యాంకు అధికారిణిగా స్థిరపడ్డారు. ఏళ్ల తరబడి కుర్చీకే పరిమితం కావడంతో ఆరోగ్యం దెబ్బతింది. చికిత్సలో భాగంగా నీటిలో వ్యాయామం ఆరంభించి, క్రమేణా ఈతగత్తెగా మారి జాతీయ పారా స్విమ్మింగ్‌ పోటీల్లో పతకాలు సాధించారు. తనకు కలిగిన మేలు మరికొందరికి కలగాలన్న తలంపుతో భారత వీల్‌చైర్‌ బాస్కెట్‌బాల్‌ సమాఖ్యను నెలకొల్పి అధ్యక్షత వహించారు. నలభై ఏళ్లు వచ్చేవరకు క్రీడా మైదానం ఎరుగని వ్యక్తి ఒక జాతీయ సమాఖ్యకు ప్రాణం పోయడం అరుదైన సంగతి.

ఆట మాత్రం కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన అమెరికా సైనికులు 1940ల్లో ఆసుపత్రుల్లోనే దీనిని ఆడనారంభించారు. 1960లో రోమ్‌లో జరిగిన తొలి పారాలింపిక్స్‌ నుంచి ఇది పోటీ క్రీడగా ఉంది. మహిళల విభాగం 1968లో చేరింది.

అదే కోర్టు, అదే ఎత్తు

చక్రాల కుర్చీ ఆటగాళ్ల కోసం బుట్టను కిందికి దించరు. అందరికీ ఉన్నట్లే 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది. కోర్టు కూడా 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గలదే. పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు ఆడతారు. తేడా ఉన్నది బంతితో కదలడంలో. బంతిని ఒడిలో ఉంచుకుని చక్రాన్ని రెండుసార్లు తోయవచ్చు. మూడోసారి తోసేలోగా బంతిని నేలకు కొట్టాలి, లేదా తోటివారికి అందించాలి, లేదా బుట్టలోకి విసరాలి. కుర్చీని ఆటగాడి దేహంలో భాగంగానే పరిగణిస్తారు. కనుక నిబంధనకు విరుద్ధంగా కుర్చీతో ఢీకొంటే ఫౌల్‌ అవుతుంది. సీటు మీది నుంచి పైకి లేచి లబ్ధి పొందడం కూడా తప్పే.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది పాయింట్ల పద్ధతి. ప్రతి ఆటగాడికీ శరీర కదలికను బట్టి 1 నుంచి 4.5 వరకు అర పాయింటు తేడాతో అంకె కేటాయిస్తారు. వెన్నుపూస దెబ్బతిని నడుము పైభాగం మీద కూడా పట్టులేని వ్యక్తికి 1 పాయింటు. పాదం కోల్పోయి మిగతా దేహమంతా స్వాధీనంలో ఉన్న వ్యక్తికి 4.5. కోర్టులో ఉన్న ఐదుగురి మొత్తం 14 దాటరాదు. ఉదాహరణకు 4.5, 4, 3, 1.5, 1 కలిపితే సరిగ్గా 14. ఇందులో ఒక పాయింటు ఆటగాడిని దించి రెండు పాయింట్ల వ్యక్తిని పంపితే లెక్క 15కు చేరి జట్టుకు శిక్ష పడుతుంది. బలవంతులనే ఏరి కూర్చుకునే వీలు లేకుండా చేసిన ఏర్పాటిది. ఇంట్లో మూలన కూర్చోబెట్టిన మనిషే జట్టుకు అవసరమయ్యాడన్న మాట.

చలిదేశాల్లో మరో ఆట

కెనడా వంటి శీతల దేశాల్లో చక్రాల కుర్చీ కర్లింగ్‌కు కూడా జాతీయ పోటీలు జరుగుతాయి. 2006 టురిన్‌ శీతాకాల పారాలింపిక్స్‌లో దానికి చోటు దక్కింది. మంచు నేల మీద సుమారు 19 కిలోల గ్రానైటు రాయిని పొడవాటి కర్రతో నెట్టి గమ్యవలయంలో నిలపాలి. కుర్చీ జారకుండా వెనుక నుంచి తోటి ఆటగాడు పట్టుకుంటాడు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఆదోనిలో అందుకు మంచు ఎక్కడ దొరుకుతుంది? బాస్కెట్‌బాల్‌కు మాత్రం నున్నని గచ్చు, రెండు బుట్టలు చాలు.

అసలు చిక్కు కుర్చీ దగ్గరే వస్తుంది. శిబిరాల్లో పంపిణీ చేసే చక్రాల కుర్చీలు, మూడు చక్రాల బండ్లు నిత్యావసరానికి ఉద్దేశించినవి. వాటితో వేగంగా మలుపు తిరిగితే బోల్తా పడతారు. ఆట కుర్చీకి పెద్ద చక్రాలు కిందివైపు ఎడంగా వాలి ఉంటాయి. వెనక్కు పడిపోకుండా చిన్న చక్రం, ముందు లోహపు కడ్డీ, నడుముకూ కాళ్లకూ పట్టీలు ఉంటాయి. విదేశాల నుంచి తెప్పించే నాణ్యమైన కుర్చీ ధర లక్షల్లో ఉంటుంది. పత్తి ఏరే కూలీ, మగ్గం నేసే కార్మికుడు కొనగలిగినది కాదు. దాతలో ప్రభుత్వమో సమకూర్చవలసిందే. వికలాంగులు క్రీడల్లో పాల్గొనేలా చర్యలు తీసుకోవడం ప్రభుత్వాల బాధ్యత అని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్‌ చెబుతున్నది.

సుగ్గికి తరలివెళ్లే కుటుంబాల్లో నడవలేనివారు వృద్ధులతో పాటు ఇంటిపట్టునే మిగిలిపోతారు. ట్రాక్టరు బోల్తాలో, కట్టడం పనుల్లో వెన్నుపూస విరిగినవారి పరిస్థితి మరీ దయనీయం. వైద్యం ముగిశాక వారికి మంచమే లోకం. చేతుల బలం పెరగడం, ఊపిరి కుదుటపడడం, ఒకే భంగిమలో పడుకోవడం వల్ల కలిగే పుండ్లకు ఆస్కారం తగ్గడం వంటి ప్రయోజనాలు ఆటతో ముడిపడి ఉన్నాయి. పతకం తర్వాతి మాట.

పింఛను పోతుందా?

ఆడితే పింఛను తొలగిస్తారేమోనన్న సందేహం చాలా ఇళ్లలో సహజంగానే తలెత్తుతుంది. రాష్ట్రంలో 2024 జులై నుంచి వికలాంగులకు నెలకు రూ.6,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ.15,000 చొప్పున పింఛను అందుతున్నది. 2025లో అర్హతల పునఃపరిశీలన జరిగినందున ఈ భయం కలగడంలో వింత లేదు. అయితే పింఛనుకు ఆధారం వైద్యులు జారీచేసే వైకల్య ధ్రువపత్రం. ఆటలో ఇచ్చే పాయింట్లు అందుకు భిన్నమైనవి. కుర్చీలో ఉన్న మనిషి కోర్టు మీద ఏ మేరకు కదలగలడన్నదే అక్కడ చూస్తారు. పత్రంలోని శాతంతో ఆ అంకెకు సంబంధం లేదు. కుర్చీలో కూర్చుని బంతి విసిరినంత మాత్రాన చచ్చుబడిన కాళ్లకు చలనం వచ్చినట్లు కాదు కదా!

జాతీయ పోటీలకు వెళ్లేది రాష్ట్ర జట్టు. ఒక్కో జట్టులో పన్నెండు మంది వరకు ఉంటారు. ముంబయి-చెన్నై రైలు మార్గంలో ఉన్న ఆదోని నుంచి చెన్నై ప్రయాణం ఒక రాత్రి పని. రైలు సౌకర్యం లేని ఎమ్మిగనూరు వారు మాత్రం ముందుగా ఆదోనికో కర్నూలుకో బస్సులో చేరాలి. ఆ బస్సు మెట్లు ఎక్కించడానికి ఇద్దరు మనుషులు తోడుండాలి.