కామెంట్ పెట్టడం వచ్చు.. ఇంగ్లిష్‌లో పది లైన్లు రాయడం ఎలా? గురజాడ, గిడుగు చూపిన రూట్ ఇదీ!

ఫ్రీ బస్సు మీద ఒక్క రీల్ పడితే చాలు.. కింద కామెంట్ల యుద్ధమే. "ఏటి ఫ్రీ? నిల్చోడానికి చోటు లేదు" అని ఒకరు. "మా అమ్మకి నెలకి ఎంత మిగులుతుందో తెలుసా" అని ఇంకొకరు. శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు ఇందులో ఎక్కడా తగ్గరు. కానీ అదే టాపిక్ మీద ఇంగ్లిష్‌లో పది లైన్లు రాయమంటే మాత్రం పెన్ను ఆగిపోతుంది.

సమస్య గ్రామర్ ఒక్కటే అనుకుంటే పొరపాటే. అభిప్రాయం ఉంది, దానికి కారణం చెప్పే అలవాటే లేదు. ఇది ఖరీదైన లోటు. ఫారిన్ వెళ్లాలనుకునేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో రైటింగ్ టాస్క్ 2 అంటే 250 పదాలకు తగ్గకుండా వ్యాసం రాయాలి. దానికి 40 నిమిషాలు పెట్టుకోమంటారు, టాస్క్ 1 కంటే రెట్టింపు వెయిటేజీ. గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లిష్ పేపర్ క్వాలిఫైయింగే, మార్కులు ర్యాంకుకి కలవవు. అయినా అది గట్టెక్కకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు.

మరి క్లాసులో ఏం చెయ్యొచ్చు? 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఫ్రీ బస్సు స్కీమ్‌నే తీసుకుందాం. రెండు వైపుల కామెంట్లు బోర్డు మీద రాయాలి, తెలుగులో ఉన్నా సరే. తిట్లు కొట్టేస్తే ఏం మిగిలిందో చూడమనాలి. చాలా కామెంట్లలో ఏమీ మిగలదు, అదే మొదటి పాఠం! మిగిలిన వాటిని ఇంగ్లిష్‌లోకి తేవాలి. "ఐ థింక్ ద ఫ్రీ బస్ ఈజ్ యూజ్‌ఫుల్" దగ్గర ఆగనివ్వకూడదు. "బికాజ్" వచ్చేదాకా వదలొద్దు. ఆ తర్వాత సొంత ఊరి ఉదాహరణ ఒకటి అడగాలి.

అసలు కష్టం తర్వాతి లైను దగ్గర ఉంటుంది. "సమ్ పీపుల్ సే ద బసెస్ ఆర్ క్రౌడెడ్. దట్ ఈజ్ ట్రూ, సో వియ్ నీడ్ మోర్ బసెస్." అవతలివాడి మాటని నిజాయితీగా చెప్పి, అప్పుడు జవాబివ్వడం అన్నమాట. కామెంట్ బాక్సులో ఇది ఎవరూ చెయ్యరు. చేస్తే లైకులు రావు మరి!

ఈ పని వందేళ్ల కిందటే చేసి చూపించినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరం మహారాజా కాలేజీలో పనిచేసిన గురజాడ అప్పారావు. స్కూళ్లు, కాలేజీల్లో వాడుక తెలుగా, గ్రాంథికమా అనే గొడవ అప్పట్లో పత్రికల్లో, సభల్లో ఇప్పటి ట్రెండింగ్ టాపిక్ లెవల్‌లో నడిచింది. తమాషా ఏంటంటే, తెలుగు కోసం ఆ ఇద్దరూ ఇంగ్లిష్‌లో వాదించారు. గిడుగు 1913లో ఆధునిక తెలుగు మీద మెమొరాండం రాశారు. మద్రాసు యూనివర్సిటీ కమిటీ నిర్ణయాన్ని ఒప్పుకోని గురజాడ 1914లో ఏకంగా ఇంగ్లిష్‌లో అసమ్మతి పత్రం ఇచ్చారు. గిడుగు స్టయిల్ ఇంకా ఘాటు. గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోంచే గ్రాంథికం కాని మాటలు ఏరి చూపించారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే.. స్క్రీన్‌షాట్ పెట్టి అడగడం!

పై క్లాసులకి ఇంకో టాపిక్ ఉంది, వాళ్ల గురించే. సర్కారు బడుల్లో 1 నుంచి 8 వరకు ఇంగ్లిష్ మీడియం అంటూ 2019 నవంబర్‌లో జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రోజుల్లో సోషల్ మీడియాలో పెద్దలంతా వాదించుకున్నారు, బెంచీ మీద కూర్చున్న పిల్లల మాట మాత్రం పెద్దగా వినపడలేదు. వాళ్ల చేత అటూ ఇటూ రాయించొచ్చు. ఇంగ్లిష్ మీడియం వద్దని ఇంగ్లిష్‌లో రాస్తే మార్కులు తగ్గించకుండా ఉంటే చాలు.

ఒక్క జాగ్రత్త. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి లైవ్‌లో కామెంట్ పెట్టించొద్దు. ఇన్‌స్టా, ఫేస్‌బుక్ రెండింటికీ కనీస వయసు 13 ఏళ్లు, పైగా ట్రోలింగ్ ఒకటి. కామెంట్లని పేర్లు, ఫొటోలు తీసేసి టీచరే తీసుకురావాలి. సిగ్నల్ లేని ఏజెన్సీ ఊళ్లో అయినా బోర్డు, సుద్దముక్క ఉంటే క్లాసు నడిచిపోతుంది.