పంప్ పోయిందా, సెన్సార్ అబద్ధం చెప్తోందా? ఇంట్లో కట్టిన విమానం ఇంజిన్‌తో మా డీబగ్గింగ్

మామూలుగా నేను ఇక్కడ ఛార్జర్లు, బ్యాటరీల గురించి రాస్తుంటా. ఈసారి గ్యాడ్జెట్ కొంచెం పెద్దది. టెక్సాస్‌లో నాతో పనిచేసే సీనియర్ అన్న ఒకాయన మూడేళ్లుగా కిట్ తెచ్చుకుని రెండు సీట్ల విమానం కట్టుకుంటున్నాడు. అమెరికాలో ఇది లీగలే. పనిలో సగానికి పైగా సొంతంగా చేస్తే ‘ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్ బిల్ట్’ కేటగిరీ కింద సర్టిఫికెట్ ఇస్తారు. ఇంజిన్ మాత్రం కొన్నదే: రోటాక్స్ 912 యూఎల్ఎస్, 100 హార్స్‌పవర్, రెండు కార్బ్యురేటర్లు.

సర్టిఫికెట్ చేతికొచ్చింది. శనివారం ఫస్ట్ ఫ్లైట్ అనుకున్నాం. బుధవారం గ్రౌండ్ మీద ఫుల్ థ్రాటిల్ ఇస్తే స్క్రీన్ మీద ఎర్రగా ‘ఫ్యూయల్ ప్రెషర్ లో’ అని వచ్చింది. ఈ ఇంజిన్‌కి కనీసం 2.2 పీఎస్ఐ ఉండాలి. గాల్లోకి లేచాక ఇంధనం అందకపోతే ఇంజిన్ ఆగుతుంది. అది 300 అడుగుల ఎత్తులో జరిగితే వెనక్కి తిరిగి రన్‌వే మీద దిగే టైమ్ ఉండదు. అన్న వెంటనే కొత్త పంప్ ఆర్డర్ పెట్టబోయాడు. ఒక్క రోజు ఆగమన్నా.

ముందు దారి చెప్తా. ట్యాంక్ నుంచి ఇంధనం ఒక జాలి, ఎలక్ట్రిక్ పంప్, ఇంజిన్ తిప్పే డయాఫ్రమ్ పంప్ దాటి కార్బ్యురేటర్లకి వెళ్తుంది. మధ్యలో ప్రెషర్ సెన్సార్ ఉంటుంది. స్క్రీన్ మీద నంబర్ తగ్గిందంటే తప్పు వీటిలో ఎక్కడైనా ఉండొచ్చు. మనం మాత్రం తిన్నగా పంప్‌నే అనుమానిస్తాం, పేరులోనే ప్రెషర్ ఉంది కాబట్టి.

స్క్రీన్ ప్రతి సెకనూ డేటా లాగ్ చేస్తుంది. ఆ ఫైల్ తీసుకుని పైథాన్‌లో గ్రాఫ్ గీశా. రెండు రకాల పడిపోవడాలు కనిపించాయి. మొదటిది: 4.3 పీఎస్ఐ ఉన్నది తర్వాతి సెకనులో సున్నా, మళ్లీ 4.3. ఇంజిన్ శబ్దంలో తేడా లేదు. ఇంధనం అలా ప్రవర్తించదు, వైరు ప్రవర్తిస్తుంది. ఇలాంటి మూడు వైర్ల సెన్సార్ మామూలుగా 0.5 వోల్ట్ అంటే సున్నా, 4.5 వోల్ట్‌లంటే ఫుల్ స్కేల్ అని చెప్తుంది. మా సెన్సార్ 30 పీఎస్ఐది. అంటే 3 పీఎస్ఐకి వచ్చేది 0.9 వోల్టే. 0.1 వోల్ట్ తేడా వచ్చినా స్క్రీన్ మీద 0.75 పీఎస్ఐ మారిపోతుంది! కనెక్టర్ విప్పి చూస్తే సిగ్నల్ వైర్ క్రింప్ లూజు. అది అన్న చేతి పనే.

“ఒరేయ్, దొరికింది రా! సెన్సారే. శనివారం ఎగురుదాం” అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. కానీ రెండో పడిపోవడం మిగిలే ఉంది. ఫుల్ థ్రాటిల్‌లో 40 సెకన్ల పాటు ప్రెషర్ మెల్లగా జారి 2 దగ్గరికి వచ్చింది. థ్రాటిల్ తగ్గించగానే మళ్లీ పెరిగింది. లూజు వైరు ఇంత నున్నటి గీత గీయదు.

నాసిరకం కేబుల్ గుర్తుందా? ఫోన్ పెట్టకముందు కొలిస్తే 5 వోల్ట్‌లు కరెక్ట్‌గా ఉంటాయి, లోడ్ పడగానే కుంగిపోతాయి. ఇదీ అంతే. ప్రెషర్ వేరు, ఫ్లో వేరు. ఐడిల్‌లో ఇంజిన్ తాగేది తక్కువ కాబట్టి అడ్డు ఉన్నా తెలియదు. టేకాఫ్‌లో ఈ ఇంజిన్‌కి గంటకి 27 లీటర్లు కావాలి. పంప్‌తో వెళ్లే సిస్టమ్ అయితే దానికి 125 శాతం ఇవ్వగలగాలి, అంటే దాదాపు 34 లీటర్లు. లెక్క వేస్తే లీటర్ నిండడానికి 1 నిమిషం 46 సెకన్లకు మించకూడదు.

ఇగ్నిషన్ ఆఫ్ చేసి, విమానానికి ఎర్త్ వైర్ కట్టి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకుని, షెడ్ బయట చేశాం. టేకాఫ్‌లోలా ముక్కు పైకి లేచేలా తోక దించాం. కార్బ్యురేటర్లకి వెళ్లే పైపు విప్పి క్యాన్‌లో పెట్టి ఎలక్ట్రిక్ పంప్ ఆన్ చేశాం. లీటర్ నిండడానికి రెండున్నర నిమిషాలు పట్టింది. అంటే గంటకి 24 లీటర్లు. సాఫీగా వెళ్తున్నప్పుడు సరిపోతుంది, టేకాఫ్‌కి చాలదు.

ఆ తర్వాత పని సులువే. పైపుల జాయింట్లు చూశాం. పంప్‌కి ముందు వైపు లూజుంటే ఇంధనం కారదు, గాలి లోపలికి వెళ్తుంది, అందుకే కంటికి దొరకదు. అవి బాగానే ఉన్నాయి. ట్యాంక్ వెంట్ కూడా ఓకే. చివరికి ట్యాంక్ అడుగున ఉన్న జాలి తీస్తే అల్యూమినియం రజను, ఎండిపోయిన సీలెంట్ ముక్కలు. ఫ్లో పెరిగేకొద్దీ అవి జాలికి అతుక్కుంటాయి, తగ్గితే వదులవుతాయి. మెల్లగా జారిన గీత అదే. కొత్త పంప్ వేసినా ఇదే జాలి వెనక నుంచి లాగేది.

ట్యాంక్ కడిగి, జాలి శుభ్రం చేశాక లీటర్ 78 సెకన్లలో నిండింది. పంప్ సంగతి కూడా విడిగా చూశాం. ఎలక్ట్రిక్ పంప్ ఆఫ్ చేసి ఇంజిన్ పంప్ ఒక్కదానితో ఫుల్ థ్రాటిల్‌లో రెండు నిమిషాలు నడిపితే 4 పీఎస్ఐ కదల్లేదు. దాని డ్రెయిన్ పైపులో ఇంధనం గానీ ఆయిల్ గానీ లేదు, అంటే డయాఫ్రమ్ చిరగలేదు. ఎలా ఉన్నా ఐదేళ్లకి మార్చాల్సిందే, రబ్బరు కాబట్టి.

ఫస్ట్ ఫ్లైట్ రెండు వారాలు లేటయింది. ఇప్పుడు 40 గంటల టెస్టింగ్ నడుస్తోంది. మొదటి 5 గంటలకి జాలి మళ్లీ విప్పాం, ఇంకో రెండు సీలెంట్ ముక్కలు దొరికాయి. పదో గంటకి ఇంకోసారి విప్పుతాం.